నడుము పడిపోయిన మనిషికి బడి ఎక్కడ?

తాటిచెట్టు మీద నుంచి గీత కార్మికుడు పడితే పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. మోకు తెగిందనో, వానకు చెట్టు నాని పట్టు తప్పిందనో రాస్తారు. మనిషి బతికితే, ఆ తర్వాత అతను గడపాల్సిన ఇరవై ముప్పై ఏళ్ల గురించి ఎవరూ రాయరు. మా చిన్నాయన అలా పడినప్పుడు ఆయనకు ముప్పై ఆరేళ్లు. ఏడో తరగతి దాకా చదివాడు. నడుము కింద స్పర్శ పోయింది. చేతులు బాగున్నాయి. లెక్కల్లో మా ఇంట్లో ఆయనను మించినవాళ్లు ఇప్పటికీ లేరు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఏ మందులు వాడాలి, ఫిజియోథెరపీ ఎలా చేయించాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అని కాగితం మీద రాసిచ్చారు. చెట్టెక్కలేని ఈ మనిషి ఇక ఏం నేర్చుకుని బతకాలన్నది మాత్రం ఆ కాగితంలో లేదు. మాకూ అడగాలని తోచలేదు.

వైకల్యం, చదువు అనే రెండు మాటలు కలిపి వినగానే మన ప్రభుత్వాలకు గుర్తొచ్చేది పసిపిల్లలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చూడండి. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కని 31వ సెక్షన్ చెబుతోంది. ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు 32వ సెక్షన్‌లో ఉన్నాయి. వయోజన విద్యకు దక్కింది 18వ సెక్షన్. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: వికలాంగులు మిగతావారితో సమానంగా వయోజన విద్య, నిరంతర విద్యా కార్యక్రమాల్లో పాల్గొనేలా ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు చర్యలు తీసుకోవాలని. ఏ చర్యలు, ఎవరి ఖర్చుతో, ఎప్పటిలోగా అన్నది ఆ వాక్యంలో లేదు. ముప్పై ఆరేళ్లకు చెట్టు మీద నుంచి పడినవాడికి, నలభై ఐదేళ్లకు పక్షవాతం వచ్చిన దర్జీకి, బండి ప్రమాదంలో మెడ ఎముక విరిగిన డ్రైవరుకు ఈ చట్టంలో చదువు గురించి నేరుగా చెప్పిన మాట అదొక్కటే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైచిలుకు. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో, పదిహేనేళ్లు దాటిన వికలాంగుల్లో కనీసం పదో తరగతి స్థాయి చదువు ఉన్నవారు 19.3 శాతమే అని తేలింది.

పింఛను వస్తోంది కదా అంటారు. వస్తోంది, రావాలి కూడా. తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన కొందరికి 15,000. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం క్యాంపుల చుట్టూ తిరిగిన ఏ కుటుంబాన్ని అడిగినా ఆ డబ్బు విలువ చెబుతుంది. నా బాధ ఏమిటంటే, సదరం డాక్టరు శాతం రాసి సంతకం పెట్టాక ఆ మనిషిని ఇంకేమీ అడిగే వ్యవస్థ లేదు. ఎంతవరకు చదివావు, ఏం నేర్చుకోవాలని ఉంది అని అక్కడే అడగొచ్చు.

ఇలాంటి మనిషికి మన దగ్గర ఉన్న మంచి దారి ఓపెన్ స్కూల్. గరిష్ఠ వయసు అడ్డు లేదు. జాతీయ సార్వత్రిక పాఠశాలలో చేరితే ఒక్కో సబ్జెక్టూ విడిగా పాస్ అవుతూ ఐదేళ్లలో పూర్తి చేయొచ్చు. ఆ పైన డిగ్రీ చదవాలంటే, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. ఈ రోజు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. రోజూ కాలేజీకి రాలేనివాడి దగ్గరకు చదువే వెళ్లాలన్నది ఆ ఆలోచన. రాలేకపోవడానికి కారణం ఉద్యోగమో సంసారమో అయితే అది బాగానే నడుస్తోంది. కారణం శరీరమే అయినప్పుడు తరగతి గది దగ్గర, పరీక్ష దగ్గర ఆగిపోతోంది.

మా చిన్నాయన ఓపెన్ టెన్త్ కట్టాడు. సెలవు రోజుల్లో పెట్టే తరగతులకు ఒక్కసారి మాత్రమే వెళ్లగలిగాడు. ఆటోలోకి ఎక్కించడానికి ఇద్దరు, దింపడానికి ఇద్దరు కావాలి. మెట్ల దగ్గర మళ్లీ అదే పని. ఆదివారం పూట నలుగురు మగవాళ్లను కూలి మానుకుని రమ్మనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. పుస్తకాలు ఇంట్లోనే చదివాడు, పాఠాలు ఫోన్లో చూశాడు. పరీక్షను మాత్రం ఫోన్లో రాయలేడు కదా.

పరీక్ష గురించి బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఒకే తీరుగా కూర్చుంటే పుండ్లు పడతాయి. అందుకే పావుగంటకో అరగంటకో ఒకసారి చేతుల మీద బరువు వేసి ఒళ్లు పైకి లేపుకోవాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి గొట్టంతో మూత్రం తీసుకోవాలి, దానికి శుభ్రమైన చోటు కావాలి. వికలాంగ అభ్యర్థులకు గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలన్న నిబంధన మంచిదే. కానీ దానితో మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. రాయడం నెమ్మదించినవారికి ఆ గంట వరం. కూర్చోవడమే కష్టమైనవాడికి అదనపు గంట కన్నా మధ్యలో గడియారం ఆపి ఇచ్చే విరామం ఎక్కువ ఉపయోగం. పరీక్ష రోజు ఎక్కడ ఇబ్బంది వస్తుందోనన్న టెన్షన్‌తో చిన్నాయన ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేశాడు. అలా చేస్తే ఆయనలాంటివారికి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

చేతులు పనిచేయనివారిది ఇంకో చిక్కు. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు చేతులూ దెబ్బతిన్నవారికి అడిగితే, చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని, అంటే స్క్రైబ్‌ను ఇవ్వాలన్నారు. పక్షవాతంలో సాధారణంగా ఒక పక్కే పడిపోతుంది. కుడిచేత్తో నలభై ఏళ్లు రాసిన మనిషికి ఆ కుడిచేయే పోతే, లెక్క ప్రకారం ఆయనకు ఇంకో చేయి ఉంది. కాబట్టి తాను రాయలేనని ప్రభుత్వ వైద్యాధికారి దగ్గర విడిగా ధ్రువపత్రం తెచ్చుకోవాలన్నారు. సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది ఆ 2018 మార్గదర్శకాల్లోని మరో షరతు. కాపీయింగ్ జరగకూడదనే పెట్టారు, సరే. యాభై ఏళ్ల మనిషి పదో తరగతి పరీక్ష కోసం తొమ్మిదో తరగతి పిల్లాడిని బతిమాలి, వాళ్ల అమ్మానాన్నల్ని ఒప్పించి తెచ్చుకోవాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆ షరతు రాసినవారు ఆలోచించలేదు. స్క్రైబ్‌లను సిద్ధంగా ఉంచే బాధ్యత పరీక్ష పెట్టేవారిదే కావాలి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు మనకన్నా చాలా ముందుంది. రాసేటప్పుడు చేతివేళ్లు బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో స్క్రైబ్ నిరాకరించిన కేసులో 2021 ఫిబ్రవరి 11న తీర్పు ఇచ్చింది. నలభై శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను కాదనడానికి వీల్లేదని, ఎవరికి ఏ సర్దుబాటు అవసరమో అది చేయడం ప్రభుత్వ బాధ్యత అని స్పష్టంగా చెప్పింది. 2024 నవంబరులో ఇంకో తీర్పులో, భవనాల్లో, సేవల్లో వికలాంగులకు అందుబాటు కల్పించే ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలంది. ఈ రెండు తీర్పులూ మండల కేంద్రంలోని పరీక్ష గది దాకా రావాలి.

తమిళనాడులోని వేలూరు, వైద్యం కోసం వెళ్లే మనవాళ్లకు కొత్త ఊరు కాదు. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలోనే డాక్టర్‌గా ఉన్న మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమెను ఇంటికి పంపేయలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్స చేయడం నేర్చుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చి, అదే వేలూరులో ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. డాక్టరు కాబట్టి సాధ్యమైందని అనొచ్చు. నేను అందులో చూసేది వేరు. ప్రమాదం తర్వాత ఆమె చుట్టూ ఉన్నవారు వైద్యాన్ని, చదువును ఒకే పనిగా చూశారు. గీత కార్మికుడికి అది ఎందుకు దొరకకూడదు?

ఇందుకు కొత్త సంస్థలేమీ అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది ఉంది. ఓపెన్ స్కూల్ అడ్మిషన్ ఫారం అక్కడే నింపించాలి. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం 2022 నుంచి నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమం వాలంటీర్ల మీదే ఆధారపడింది. ఆ వాలంటీరు మంచం పట్టిన మనిషి ఇంటికి వెళ్లి చెబితే, ఆ పరీక్ష కూడా ఇంట్లోనే పెడితే సగం అడ్డంకి తొలగుతుంది. కోరినప్పుడు పరీక్ష రాసే ఏర్పాటు జాతీయ సార్వత్రిక పాఠశాలలో ఉంది. దాన్ని మండలం దాకా తేవాలి. పెన్ను పట్టలేనివారు ఫోన్లో తెలుగులో మాట్లాడి టైప్ చేయగలుగుతున్నారు, పరీక్షలోనూ అలా రాయనివ్వాలి. పక్షవాతంతో మాట తడబడేవారికి అది సరిపోదు, వాళ్లకు మనిషే కావాలి.

చిన్నాయనకు ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలాయి. ఫీజు కట్టేశాం. సెంటర్ పేరు, ఊరు, టైం అన్నీ హాల్ టికెట్ మీద ఉంటాయి గానీ గది కిందనో మేడ మీదనో రాయరు. అందుకే పరీక్షకు ముందు రోజు నేను బండి మీద వెళ్లి చూసి రావాలి. పైన పడితే ఆ రాత్రే నలుగురిని మాట్లాడుకోవాలి.