ఈసారి గాల్వెస్టన్‌లో ఏరడంతో పాటు లెక్క కూడా పెడదాం

మన అసోసియేషన్ ప్రతి ఏడూ హ్యూస్టన్ దగ్గరున్న గాల్వెస్టన్‌లో బీచ్ క్లీనప్ పెడుతుంది, పిల్లలు టీషర్టులు వేసుకుని వస్తారు, వాటర్ బాటిళ్ళు, చిప్స్ ప్యాకెట్లు, తెగిపోయిన వల ముక్కలు, బెలూన్ల రిబ్బన్లు సంచులకి సంచులు ఏరతాం, బ్యానర్ దగ్గర ఫోటో దిగి పులిహోర తిని ఇళ్ళకొచ్చేస్తాం. మంచి పనే, ఆపమని అస్సలు అనను. కానీ ఆ ఏరేటప్పుడు మనందరం చూడకుండా తొక్కుకుంటూ పోయేది ఒకటుంది, దాని గురించి మన పత్రికలో ఎవరో ఒకరు రాయాలని చాలా కాలంగా అనిపిస్తోంది, అందుకే ఇది.

పోటు వచ్చినప్పుడు అల ఎంత దూరం వచ్చి ఆగిందో అక్కడ నాచు, పుల్లలు, గవ్వ ముక్కలు ఒక చారలాగా పడి ఉంటాయి కదా, ఈసారి వెళ్ళినప్పుడు ఆ చార దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు ఓపిగ్గా చూడండి. తెల్లగానో, ఎండకి పాలిపోయి పసుపుపచ్చగానో సగ్గుబియ్యంలా గుండ్రంగా చిన్న చిన్న గుళికలు కనపడతాయి. గోరుతో నొక్కితే నలగవు. వాటిని నర్డిల్స్ అంటారు, హైదరాబాద్‌లో ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్లు నడిపేవాళ్ళయితే దానా అంటారు. బకెట్టు, కుర్చీ, బిర్యానీ డబ్బా, పాల క్యాన్, ఏదైనా సరే ముందు ఈ గుళికల రూపంలోనే ఉంటుంది, ప్లాంట్‌లో తయారయ్యి రైలు వ్యాగన్లలో, సంచుల్లో, కంటైనర్లలో ఎక్కడెక్కడికో పోయి అక్కడ కరిగించి పోస్తే వస్తువు అవుతుంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి, ఆ గుళికని ఇంతవరకు ఎవ్వరూ కొనలేదు, వాడలేదు, పారెయ్యలేదు. మీ ఇంటి చెత్తబుట్టలోంచి రాలేదు, నా ఇంట్లోంచీ రాలేదు. వ్యాగన్లో లోడ్ చేసేటప్పుడు కింద ఒలికినవి, వాల్వ్ సరిగ్గా మూయకపోతే పట్టాల పక్కన కారినవి, ఎవరూ ఊడవకుండా వదిలేసినవి, వాన పడగానే డ్రైన్లోకి, అక్కడినుంచి బయూలోకి (మెల్లగా పారే వాగులోకి), అక్కడినుంచి బే లోకి పోయినవి ఇవి. ప్లాస్టిక్ అనగానే స్ట్రా వద్దు, క్యారీ బ్యాగ్ వద్దు అని మనల్ని మనం తిట్టుకోవడం అలవాటైపోయింది, పిల్లలకీ బళ్ళో అదే చెప్తున్నారు. అందులో తప్పు లేదు గానీ, 2015 దాకా ప్రపంచంలో పుట్టిన ప్లాస్టిక్ చెత్త మొత్తంలో రీసైకిల్ అయింది 9 శాతమే అని లెక్క తేలాక కూడా మొత్తం భారం కొనుక్కునేవాడి నెత్తిన పెట్టి తయారుచేసేవాళ్ళని పక్కన కూర్చోబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. సముద్రంలో ఉన్న ప్లాస్టిక్ అంతా ఈ గుళికలే అని నేను చెప్పట్లేదు. ఇవి ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో పట్టుకోవడం మిగతా చెత్త కంటే సులువు అంటున్నాను, ఆ పని టెక్సాస్‌లో ఒకావిడ చేసి చూపించింది కూడా, అది కింద చెప్తాను.

ముందు తాబేళ్ళ సంగతి. టెక్సాస్ రాష్ట్ర సముద్ర తాబేలు కెంప్స్ రిడ్లీ, చాలామందికి తెలిసే ఉంటుంది, పాడ్రే ఐలండ్‌లో ఎండాకాలం తెల్లవారుజామున పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే చూడ్డానికి మనవాళ్ళు కూడా కార్లేసుకుని పోతారు. రిడ్లీల్లో ప్రపంచం మొత్తం మీద రెండే రకాలు, ఒకటి ఇది, రెండోది మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చలికాలంలో ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ. మెక్సికోలో రాంచో న్యూవో అనే తీరంలో 1947లో ఒక్కరోజే సుమారు 40,000 కెంప్స్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి వచ్చాయని అప్పుడు తీసిన ఫిల్ము చూసి అంచనా వేశారు, 1985కి వచ్చేసరికి ఏడాది మొత్తానికీ దొరికిన గూళ్ళు 702. దానికి కారణం ప్లాస్టిక్ కాదు, గుడ్లు తవ్వుకుపోవడం, రొయ్యల ట్రాలర్ల వలల్లో పడి ఊపిరాడక చచ్చిపోవడం. ఇప్పటికీ మన కోస్తాలో జనవరి, ఫిబ్రవరిలో ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళలో ఎక్కువ వలల్లో పడినవే, ఇది దాచిపెట్టి ప్లాస్టిక్ మీద తోసేస్తే అబద్ధం అవుతుంది. 1978 నుంచి మెక్సికో, అమెరికా రెండూ కలిసి గుడ్లు కాపాడి, ట్రాలర్ వలలకి తాబేలు బయటికి పోయే దారి పెట్టించి ఎంతో కష్టపడితే ఈ జాతి బతికి బట్టకట్టింది. ఇంత చేసి నిలబెట్టుకున్న జాతి పిల్లలు ఇప్పుడు పుట్టగానే ఈదుకుంటూ పోయేది ఎక్కడికి? సర్గాసమ్ నాచు తెప్పల్లోకి. గల్ఫ్‌లో తేలే ఆ నాచు కిందే అవి మొదటి ఒకటి రెండేళ్ళు గడుపుతాయి, అక్కడే తిండి, అక్కడే నీడ. నాచుని పోగు చేసే ప్రవాహాలే నీళ్ళ మీద తేలే ప్లాస్టిక్‌ని కూడా అక్కడికే తెచ్చి పోగు చేస్తాయి. పాలిథిలిన్, పాలిప్రొపిలిన్ నీళ్ళకంటే తేలిక కాబట్టి మునగవు.

తాబేలు పిల్లకి అది తిండి కాదని తెలియదా అంటే, తెలిసే దారి లేదు. కొన్నాళ్ళు సముద్రంలో నానిన ప్లాస్టిక్ మీద పాచి పట్టి దాని వాసన అచ్చం తిండి వాసన లాగే ఉంటుందని, ఆ వాసన గాల్లో వదిలితే తాబేళ్ళు తిండి వాసనకి ఎలా స్పందిస్తాయో అలాగే స్పందించాయని 2020లో ఒక ప్రయోగంలో తేలింది. ఆస్ట్రేలియాలో చచ్చిపోయిన తాబేళ్ళ కడుపులు కోసి చూసి 2018లో ఇంకో లెక్క కట్టారు, 14 ముక్కలు మింగిన తాబేలు దానివల్లే చచ్చిపోయే అవకాశం సగానికి సగం అని. 14 ముక్కలు, పిల్లలు బీచ్‌లో ఒక్క చేతి గుప్పెట్లో ఏరేవే అంతకంటే ఎక్కువ ఉంటాయి. గుళికలతో ఇంకో బాధ ఏంటంటే చేప గుడ్లలా ఉంటాయి కాబట్టి చేపలు, పక్షులు తింటాయి, పైగా ఇవి నీళ్ళలో ఉన్న విషాన్ని పీల్చుకుంటాయి. పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు, పురుగుమందు డీడీటీ నుంచి వచ్చే డీడీఈ లాంటివి చుట్టూ నీళ్ళలో ఉన్నదానికంటే లక్ష రెట్లు, ఇంకా ఎక్కువ కూడా ఈ గుళికల్లో పేరుకుంటాయని టోక్యోలో తకాదా అనే శాస్త్రవేత్త గారి బృందం 2001లోనే చూపించింది, ఆ తర్వాత ఆయన ప్రపంచం నలుమూలల నుంచీ మామూలు జనం చేత గుళికలు పోస్టులో తెప్పించుకుని పరీక్ష చేయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆవిడ సంగతి. హ్యూస్టన్ నుంచి రెండు గంటల పైన డ్రైవ్ చేస్తే పాయింట్ కంఫర్ట్ అనే ఊరొస్తుంది, లవాకా బే పక్కన ఫార్మోసా ప్లాస్టిక్స్ ప్లాంట్ ఉంటుంది. దగ్గర్లోనే సీడ్రిఫ్ట్ అనే ఊళ్ళో డయాన్ విల్సన్, నాలుగు తరాలుగా రొయ్యల వేటే వాళ్ళింటి పని. పేరున్న లాయరు కాదు, సైంటిస్టు కాదు. ప్లాంట్ బయటికి వదిలే నీళ్ళలో గుళికలు, ప్లాస్టిక్ పొడి వస్తున్నాయని 2016 నుంచి ఆవిడ, ఇంకొంతమంది వాలంటీర్లు కయాక్‌లో, కాలినడకన, మోకాలి లోతు నీళ్ళల్లో దిగి ఏరడం మొదలుపెట్టారు. ఏరి చెత్తబుట్టలో వేసి ఊరుకోలేదు, అదీ అసలు సంగతి. జిప్‌లాక్ కవర్లో వేసి, ఏ రోజు, ఎక్కడ అని రాసి, ఫోటో తీసి, దాచిపెట్టారు. అలా 2,400కి పైగా శాంపిల్స్. 2017లో ఫెడరల్ కోర్టులో కేసు వేసి 2019లో అవన్నీ పెట్టెల్లో పెట్టి జడ్జి ముందు పెట్టారు.

ఎందుకంత అవసరమయ్యిందంటే, కంపెనీ పర్మిట్‌లో తేలే ఘనపదార్థాలు 'ట్రేస్ అమౌంట్స్' (ఏదో నామమాత్రం) మించి వదలకూడదు అని మాత్రమే ఉంది, ఎన్ని గుళికలైతే ట్రేస్ దాటినట్టో అంకె లేదు. అంకె లేనిచోట ఎంత పోసినా కొంచెమే అనొచ్చు. ఒక రోజు ఏరిన బస్తా చూపిస్తే ఆరోజేదో పొరపాటున ఒలికిందని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, మూడేళ్ళ పాటు తేదీలు రాసిన 2,400 కవర్లకి జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. రాష్ట్ర ఏజెన్సీ అప్పటికి వేసిన ఫైను దాదాపు 1,20,000 డాలర్లు, ఆ కంపెనీకి అదో లెక్కా? జడ్జి కెన్నెత్ హోయ్ట్ 2019 జూన్‌లో తీర్పు ఇస్తూ ఫార్మోసాని 'సీరియల్ అఫెండర్', అంటే పదే పదే తప్పు చేసేవాడు, అని రాశారు, ఆ ఏడాది చివరికి 5 కోట్ల డాలర్లకి సెటిల్‌మెంట్ అయ్యింది, నీటి కాలుష్యం మీద అమెరికాలో ఉన్న క్లీన్ వాటర్ యాక్ట్ కింద మామూలు పౌరులు వేసిన కేసుల్లో అప్పటిదాకా అంత పెద్దది లేదు. అందులో ఒక్క పైసా ఆవిడ తీసుకోలేదు, 2 కోట్లు అక్కడి మత్స్యకారుల సహకార సంఘానికి పెట్టించింది. ఇకమీదట ఒక్క గుళిక కూడా బయటికి రాకూడదు, వస్తే వచ్చినప్పుడల్లా ఫైను, ఆ ఫైను ఏటేటా పెరగాలి అని కూడా రాయించుకున్నారు. 2023లో ఆవిడకి పర్యావరణం కోసం పోరాడేవాళ్ళకిచ్చే గోల్డ్‌మన్ ప్రైజ్ ఇచ్చారు.

అందుకే నా మాట, మనం కూడా రాద్దాం. దీనికోసం కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. 2018 సెప్టెంబర్‌లో కార్పస్ క్రిస్టీ దగ్గర బీచ్‌లకి గుళికలు విపరీతంగా కొట్టుకొస్తే పోర్ట్ అరాన్సస్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ మెరైన్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పట్లో పనిచేస్తున్న జేస్ టనెల్ అనే ఆయన నర్డిల్ పేట్రోల్ అని మొదలుపెట్టారు. పది నిమిషాలు టైమర్ పెట్టుకుని, పోటు చార వెంబడి దొరికినన్ని ఏరి, లెక్కపెట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది ఏరారు అనేది ఫోన్లో పంపిస్తే అయిపోతుంది. దొరక్కపోతే సున్నా అని పంపాలి, ఆ సున్నా కూడా అవసరమే, రేపు అక్కడ ఒలికితే ముందు లేవని చూపించాలి కదా. టెక్సాస్ తీరంలో కొన్నిచోట్ల ఆ పది నిమిషాల్లోనే వేలల్లో దొరికాయి. ఏడేళ్ళ పిల్ల చెయ్యగలిగే పని, ఇంజనీరింగ్ చదివిన నాన్న చెయ్యగలిగే పని, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలు కుర్చీ వేసుకుని లెక్కపెట్టగలిగే పని. గ్లోవ్స్ మాత్రం వేసుకోండి, పైన చెప్పిన విషాల సంగతి మర్చిపోవద్దు, పిల్లలు చేతులు కడుక్కోకుండా పులిహోర ముట్టకూడదు. ఏడాదికి ఒకసారి సరిపోదు, రెండు మూడు నెలలకోసారి పది మంది వెళ్తే చాలు, ఒకే చోట మళ్ళీ మళ్ళీ కొలిస్తేనే ఆ అంకెలకి బలం వస్తుంది.

ఇది రాస్తుంటే ఒక మాట గుర్తొస్తోంది, మనవాళ్ళు బేటౌన్‌లో, లా పోర్ట్‌లో, ఫ్రీపోర్ట్‌లో ఈ ప్లాంట్లలోనే పనిచేస్తున్నారు, మా స్నేహితుల్లోనే ఉన్నారు, మా కడుపు మీద కొడతావా అని అడుగుతారేమో. అస్సలు కాదు. గుళిక ఒలక్కుండా చెయ్యడం ఎలాగో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసింది మీకే, లోడింగ్ దగ్గర కింద ట్రే పెట్టడం, డ్రైన్లకి జల్లెడ బిగించడం, వాన రాకముందే వాక్యూమ్ పెట్టడం, ఇవేమీ రాకెట్ సైన్స్ కాదని మీరే చెప్తుంటారు. ఆపరేషన్ క్లీన్ స్వీప్ అని ఇండస్ట్రీ వాళ్ళదే ఒక కార్యక్రమం 1990ల నుంచి ఉంది, కానీ అది ఇష్టమైతే చేసేది, చెయ్యకపోతే అడిగేవాడు లేడు. కాలిఫోర్నియా 2007లోనే గుళికల మీద విడిగా చట్టం చేసింది. ప్లాస్టిక్ మీద ప్రపంచ ఒప్పందం చేద్దామని 2022లో దేశాలన్నీ ఒప్పుకుని, 2024 చివర బూసాన్‌లో తేలక, 2025 ఆగస్టులో జెనీవాలో కూడా తేలక లేచి వెళ్ళిపోయాయి, ఉత్పత్తి తగ్గించాలా వద్దా అన్నదగ్గరే ఆగిపోయింది. దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కుదరదు.

ఇక మన దేశం వైపు సంగతి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కాలిపోయి మునిగితే సుమారు 1,680 టన్నుల గుళికలు సముద్రం పాలయ్యాయి, శ్రీలంక పడమటి ఒడ్డంతా మంచు కురిసినట్టు తెల్లగా అయిపోయింది, చచ్చిన తాబేళ్ళు, డాల్ఫిన్లు వారాల తరబడి కొట్టుకొచ్చాయి, వేట ఆగిపోయింది. 2025 జూలైలో అక్కడి సుప్రీంకోర్టు 100 కోట్ల డాలర్లు కట్టమంది. అదే ఏడాది మే నెలలో కేరళ దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగి తిరువనంతపురం, కొల్లం బీచ్‌ల నిండా గుళికలే, వాలంటీర్లు జల్లెడలతో ఇసక జల్లించారు. ఇప్పుడు మన రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ పెద్ద రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ కడతామని 2024 చివర్లో చెప్పింది. రావాలి, ఉద్యోగాలు రావాలి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మన హ్యూస్టన్‌లోనే ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ తీరం వెంబడే ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి, ఆ నీళ్ళ మీదే మత్స్యకారుల గ్రామాలు బతుకుతున్నాయి. పాయింట్ కంఫర్ట్‌లో ప్లాంట్ కట్టిన ముప్పై ఏళ్ళు దాటాక కోర్టుకెక్కి రాయించుకున్న 'ఒక్క గుళిక కూడా బయటికి రాకూడదు' అన్న షరతు ఇక్కడ మొదటిరోజే, అంకెతో సహా, అనుమతి కాగితాల్లో ఉండాలి, 'స్వల్ప పరిమాణం' లాంటి మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే మనకి తెలుసు, టెంటు వేస్తారు, మైకు పెడతారు, రెండు గంటల్లో ముగిస్తారు. ఆ మైకు దగ్గర మాట్లాడే మత్స్యకారుడి చేతిలో తెలుగులో రాసిన నాలుగు పేజీలు ఉండాలి, ఎక్కడ ఒలుకుతుందో, ఏం అడగాలో, టెక్సాస్‌లో ఏం జరిగిందో. అవి రాయగలిగినవాళ్ళు మన అసోసియేషన్ లో కనీసం ఓ డజను మంది ఉన్నారు, ప్రాసెస్ ఇంజనీర్లు, ఎన్విరాన్‌మెంటల్ పర్మిట్లు రోజూ చూసేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు లాయర్లు. వచ్చే కమిటీ మీటింగ్‌లో ఈ రెండూ అజెండాలో పెట్టమని అడుగుతున్నాను, గాల్వెస్టన్ లెక్కలు, రామాయపట్నం కాగితం. రాయడానికి నేను సిద్ధం, ప్లాంట్‌లో పనిచేసినవాళ్ళు ఒకరిద్దరు తోడొస్తే ఉగాది లోపు మొదటి డ్రాఫ్ట్ ఇచ్చేయొచ్చు.