ఆపరేషన్ చేసే చేతికి మార్కులు వేయడానికి ఒక్కరి కన్ను చాలదు

రెండేళ్ల కిందట నేను మార్కులు వేసిన ఒక గాల్ బ్లాడర్ ఆపరేషన్ వీడియో పోయిన నెల మళ్లీ నా దగ్గరకు వచ్చింది. పేరు తీసేశారు, కెమెరాలో కనిపించే పొట్ట లోపలి భాగం తప్ప ఇంకేమీ లేదు. పాతదని గుర్తుపట్టకుండానే మార్కులు వేశాను. తర్వాత పాత షీటు తీసి చూస్తే గుండె జారిపోయింది. టిష్యూని పట్టుకునే తీరుకు అప్పుడు 5కి 4 ఇచ్చాను, ఇప్పుడు 2. అప్పుడు ఆ ఆపరేషన్ చేసిన ట్రైనీ, అంటే సర్జరీ నేర్చుకుంటున్న డాక్టర్, ఎవరో నాకు తెలుసు. కష్టపడే మనిషి, నాకు ఇష్టం. ఆ ఇష్టం మార్కుల్లోకి వచ్చేసింది.

ఇలాంటి షీట్లు చూసే కదా, "ఇక ఒంటరిగా చేయొచ్చు" అని మనం సంతకం పెడుతున్నాం! మొహమాటస్తుడైన ఇంకో ట్రైనీకి ఇదే పనితనానికి నేను ఎంత ఇచ్చి ఉండేవాణ్నో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

కొలిచే పద్ధతి లేక కాదు ఇదంతా. టొరంటో విశ్వవిద్యాలయంలో 1990లలో తయారైన ఓశాట్స్ ఉంది, అంటే సర్జన్ల చేతి నైపుణ్యాన్ని పరీక్షించే పద్ధతి. అందులోని రేటింగ్ స్కేలులో ఏడు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ఫారం బాగానే ఉంది. దాన్ని నింపే మేమే ఒక్క మాట మీద లేం. 3 అంటే ఒకరికి "పర్వాలేదు", ఇంకొకరికి "ఇంకా చేతికి రాలేదు". పైగా మొదటి రెండు నిమిషాల్లో చేతులు చకచకా కదిలితే చాలు, మిగతా అంశాలన్నిటికీ అదే ఊపులో 4, 4, 4 వేసుకుంటూ పోతాం.

అమెరికాలోని మిషిగన్ సర్జన్ల మీద 2013లో వచ్చిన అధ్యయనం గుర్తు చేసుకోండి. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది తలా ఒక వీడియో ఇచ్చారు. చేసిందెవరో తెలియకుండా ఒక్కో వీడియోకి కనీసం పది మంది సర్జన్లు మార్కులు వేశారు. నైపుణ్యంలో కింది పావు వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి ఆపరేషన్ తర్వాత సమస్యలు వచ్చాయి, పై పావు వంతు వారి రోగుల్లో 5.2 శాతం మందికే. ఈ తేడాను అందరూ చెప్పుకుంటారు. ఆ పది మందిని మాత్రం ఎవరూ తలుచుకోరు. మన దగ్గర ఒక్కరే చూస్తారు, అదీ పక్కనే నిలబడి, ట్రైనీ మొహం చూస్తూ.

ఒక్క కేసు కూడా చాలదు. వాపు లేని గాల్ బ్లాడర్ ఎవరి చేతుల్లోనైనా సులువుగా వచ్చేస్తుంది. అతుక్కుపోయి, పిత్త నాళం ఏదో తెలియని కేసులో కదా చెయ్యి బయటపడేది! అందుకే తేలికవీ కష్టమైనవీ కలిపి ఒక్కో ట్రైనీవి నాలుగైదు వీడియోలైనా చూడాలంటాను. మార్కులు వేసేవాళ్లు ముందుగా అవే వీడియోలు కలిసి చూసి, 2 అంటే ఏమిటో 4 అంటే ఏమిటో వాదించుకుని తేల్చుకోవాలి.

టైమ్ లేదంటారు, నాకు తెలుసు. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్లో, కెమెరా ఎలాగూ లోపలే ఉంటుంది, రికార్డ్ చేయడానికి అదనపు శ్రమ లేదు. కంప్యూటర్ చూసుకుంటుందిలే అనేవాళ్లకు ఒక్క మాట. పరికరం ఎంత దూరం కదిలిందో అది లెక్కపెట్టగలదు, కానీ మంచీ చెడూ మనం వేసిన మార్కుల నుంచే నేర్చుకుంటుంది. నా 4ను చూపించి నేర్పాలా, 2ను చూపించా?

వచ్చే వారం మా విభాగంలో నలుగురం కూర్చుని ఒకే వీడియోకి విడివిడిగా మార్కులు వేయబోతున్నాం. నా రెండు షీట్లూ తీసుకెళ్లి ముందుగా అవే బల్ల మీద పెడతాను.