నంగోనా రేటు చూసి గుండెలు బాదుకునేవాళ్లకి

ఫిజీ నుంచి వెళ్లి సిడ్నీలోనో ఆక్లాండ్‌లోనో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో నంగోనా, అదే కావా మొక్క వేరు దంచి నీళ్లలో కలిపి తాగే పానీయం, గిన్నె చుట్టూ చేరితే చాలు, ఒకటే గొడవ: "ఎండు వేరుకి ఇంత రేటా, మరీ దోపిడీ!" దోపిడీ ఉన్నమాట నిజమే. ఎక్కడుందో మాత్రం ఎవరూ చూడరు.

కావా విత్తు కట్టదు. కణుపులున్న కాండం ముక్కలు నాటి కనీసం మూడేళ్లు ఆగాలి, మంచి వేరు కావాలంటే నాలుగైదేళ్లు. నీరు నిలిస్తే కుళ్లుతుంది కాబట్టి తోట కొండవాలు మీదే. పైగా దొంగల భయం, అందుకని ఊరికి వీలైనంత దూరంగా వేస్తారు. పేనుబంక కుకుంబర్ మొజాయిక్ వైరస్‌ని అంటించిందా, కాండం మెత్తబడి నల్లగా కుళ్లుతూ మోడుదాకా దిగుతుంది. ఇక తుపాన్లు సరేసరి. 2016 ఫిబ్రవరిలో ఫిజీని కొట్టిన విన్‌స్టన్ తుపాను ఏళ్లతరబడి పెంచిన తోటల్ని ఒక్క రోజులో పడగొట్టింది.

తవ్వడానికి ముందు కాండాలు నరికి, మోడు చుట్టూ గునపంతో మట్టి గుల్ల చేయాలి. పట్టి లాగితే మోడు వచ్చేస్తుంది, పక్కవేర్లు మాత్రం తెగి మట్టిలోనే ఉండిపోతాయి. డబ్బంతా ఆ వేర్లలోనే ఉంది. వాటిని వాకా అంటారు, మోడు లెవెనా, కాండం మొదలు కాసా. ఘాటు ఆ వరుసలోనే తగ్గుతుంది, రేటూ అంతే. అందుకే ఒక్కో వేరు వెంటా చేత్తో మట్టి తోడుకుంటూ కొసదాకా పోతారు. ఆ తర్వాత ఆ బరువంతా వీపు మీదో గుర్రం మీదో కొండ దించాలి.

వీలైతే అదే రోజు కడగాలి. మోడు సందుల్లో ఇరుక్కున్న బంకమట్టి నీళ్లు గుమ్మరిస్తే పోదు, మోడు చీల్చి బ్రష్‌తో తోమాల్సిందే. లేకపోతే తాగేటప్పుడు పంటికింద ఇసుక. తడి సరుకు రాత్రంతా గోనెలో వదిలేస్తే ఉక్కపట్టి జిగురెక్కుతుంది. లెవెనాని పలచటి చెక్కలుగా కొయ్యాలి. మందంగా కోస్తే పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల పచ్చి, మూట కట్టాక బూజు.

నేల మీద కాకుండా మంచెలేసి ఆరబెట్టాలి, మబ్బు పడితే పరుగెత్తుకెళ్లి ఎత్తాలి. పసుపు కొమ్ముని చూసినట్టే వేరుని వంచి చూడాలి: పుటుక్కున విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా పచ్చే. తేమ 12 శాతం లోపు ఉండాలి. అక్కడిదాకా వచ్చేసరికి పచ్చిది 5 కిలోలు సుమారు ఒక కిలో అవుతుంది. మీరు బేరమాడే కిలో వెనక అయిదు కిలోల తవ్వకం, మోత, కడుగుడు ఉన్నాయన్నమాట.

నా కోపమంతా తూకం దగ్గర. తేమ చూడకుండా, వాకా లెవెనా వేరుచేయకుండా గంపగుత్తగా ఒకే రేటు కట్టే దళారి దగ్గర బాగా ఎండబెట్టినవాడే నష్టపోతాడు, బరువు తగ్గేది వాడి సరుకే కదా! అలాంటప్పుడు ఇంకో రెండ్రోజులు ఎండ కోసం ఎవడు కాస్తాడు? ఆ సగం పచ్చి సరుకులో కాసా కలిపి, ఒక్కోసారి కాండం చెక్కు కూడా కలిపి మిషన్లో వేస్తే మీకు 'చవక పొడి' తయారు. కాండం చెక్కులో, ఆకుల్లో పైపర్‌మెథిస్టిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది, అది తాగాల్సింది కాదు. 2002లో జర్మనీ కాలేయం దెబ్బతింటోందని కావా మందుల్ని ఆపేసినప్పుడు అనుమానం పడినవాటిలో ఈ చెక్కు ఒకటి. 2014లో అక్కడి కోర్టు ఆ నిషేధం చెల్లదంది. నడుమ పన్నెండేళ్లు ఎగుమతి దెబ్బ తిన్నది ద్వీపాల రైతు.

చవక పొడి అడిగేది మనమే, రుచి లేదని తిట్టేదీ మనమే. పొడి మానేసి వేర్లు కొనండి. వాకానా, లెవెనానా, ఎన్నేళ్ల చెట్టు, ఏ ద్వీపానిది అని అడగండి. ఒక వేరు విరిచి చూడండి. ఇనుప రోట్లో దంచే ఓపిక లేకపోతే దుకాణంలో మీ కళ్లెదుటే దంచించుకుని, ఆ కూలీ బేరమాడకుండా ఇచ్చేయండి.