స్కాన్లు చాలు, నెగెటివ్‌లు వద్దంటారా?

ఫిల్ము కెమెరాలు మళ్ళీ కనిపిస్తున్నాయి. పోయిందనుకున్న ఎక్టాక్రోమ్ ఫిల్మును కొడక్ 2018లో తిరిగి తెచ్చింది. లైకా 2022లో తన పాత ఎం6 కెమెరాని మళ్ళీ మొదలుపెట్టింది. 2024లో పెంటాక్స్ ఏకంగా కొత్త ఫిల్ము కెమెరానే తయారుచేసి అమ్మకానికి పెట్టింది. రీలు అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చేది మాత్రమే అనుకుంటూ పెరిగిన పిల్లలు ఇప్పుడు కెమెరాలో రీలు ఎక్కించడం నేర్చుకుంటున్నారు. ముచ్చటగానే ఉంది.

కానీ వాళ్ళలో చాలామంది రీలుని ల్యాబుకి పంపి, స్కాన్లు ఫోన్లోకి రాగానే పని అయిపోయిందనుకుంటున్నారు. నెగెటివ్‌లు, అంటే కడిగిన అసలు ఫిల్ము ముక్కలు, తెచ్చుకోరు. తిరిగి కావాలని ముందే చెప్పకపోతే కొన్ని ల్యాబులు వాటిని కొన్నాళ్ళు ఉంచి పారేస్తాయి. అంటే రీలు కొని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఒక్కో ఫోటో తీసి, డబ్బులిచ్చి కడిగించి, చివరికి అసలు వస్తువుని చెత్తబుట్టకి వదిలేయడమన్నమాట! ఈ డిజిటల్ కాలంలో ఫిల్ముకి ఇంకా విలువ ఉందా అని అడిగితే, ఉందనే అంటాను. కాకపోతే ఆ విలువంతా వాళ్ళు వద్దనుకుంటున్న ఆ నెగెటివ్‌లోనే ఉందంటాను.

మామూలుగా ఫిల్ము అభిమానులు చెప్పే కారణాలు వేరు. ఫిల్ము రంగులే వేరండీ అంటారు. ఒకే నెగెటివ్‌ని రెండు ల్యాబుల్లో స్కాన్ చేయించి చూడండి, రెండు రకాల రంగులొస్తాయి. స్కానర్ దగ్గర కూర్చున్న మనిషి, అతని సాఫ్ట్‌వేర్ కలిసి ఎంచిన రంగులే మీ ఫోన్లోకి వచ్చేవి. ఇక రీలుకి 36 ఫోటోలే కాబట్టి ఓపిక వస్తుంది, ఆలోచించి తీస్తాం అనే మాట ఒకటి. కొందరికి నిజమే కావచ్చు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ గారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేనాటికి ఆయన దగ్గర కడగకుండా మిగిలిపోయిన రీళ్ళే దాదాపు 2,500. రీలుకి 36 చొప్పున వేసుకుంటే 90,000 ఫోటోలు, తీసినాయనే చూసుకోనివి! ఫిల్ము ఆయన్ని ఏ కాస్తా ఆపలేదు.

ఈ మధ్య ఇంకో కారణం గట్టిగా వినిపిస్తోంది. కృత్రిమ మేధ బొమ్మలు వచ్చాక ఏ ఫోటోనీ నమ్మలేకపోతున్నాం, ఫిల్ము మాత్రం అబద్ధం చెప్పదు అని. బెంగ అర్థమవుతుంది. 2023లో సోనీ ప్రపంచ ఫోటో పోటీలో ఒక విభాగంలో గెలిచిన బోరిస్ ఎల్డాగ్‌సెన్, అది ఏఐతో చేసిన బొమ్మ అని తానే చెప్పి బహుమతి వద్దన్నాడు.  అయితే ఫిల్ముకి సత్యహరిశ్చంద్రుడి వేషం వేసే ముందు కాటింగ్లీ కథ గుర్తు చేసుకోవాలి. 1917లో ఇంగ్లండులో ఎల్సీ, ఫ్రాన్సిస్ అనే ఇద్దరమ్మాయిలు, వరసకి అక్కచెల్లెళ్ళు, తోటలో వాగు ఒడ్డున యక్షిణులతో ఫోటోలు దిగారు. నిపుణుడికి గాజు ప్లేటు నెగెటివ్‌లు చూపిస్తే, వీటిలో మార్పులేమీ చేయలేదన్నాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయిల్ అంతటివాడు నమ్మేశాడు. నెగెటివ్‌లో మోసం లేని మాట నిజమే. మోసమంతా కెమెరా ముందు ఉంది. అవి కాగితం మీద గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టిన బొమ్మలు. ఆ సంగతి వాళ్ళు 1983లో, ముసలివాళ్ళయ్యాక ఒప్పుకున్నారు. కెమెరా ముందు ఏదో ఉందని మాత్రమే నెగెటివ్ సాక్ష్యం చెప్పగలదు. అది యక్షిణో కాగితమో దానికి తెలియదు.

మరి నెగెటివ్‌లో అంత గొప్పేముంది? ఒక్క కత్తిరింపు ముక్కని అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. ఐదారు చిన్న గళ్ళు, ఒక్కోటీ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. పైనా కిందా పళ్ళ చిల్లులు. అంచున కంపెనీ పేరు, వరస నంబర్లు. నలుపు తెలుపు రీలైతే ఆకాశం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. ఆ నలుపు రంగు కాదు, వెండి. జెలటిన్ పూతలో ఉన్న వెండి లవణాల మీద వెలుతురు పడినచోట కంటికి కనిపించని గుర్తు పడుతుంది. డెవలపర్ అనే రసాయనం ఆ గుర్తున్న కణాలని లోహంగా మారుస్తుంది, వెలుతురు తగలనివాటిని హైపో అనే ఇంకో రసాయనం కరిగించేస్తుంది. మనుషుల మీద పడిన వెలుతురే వచ్చి ఈ ముక్కని తాకింది. ఆ వెండి గుర్తు అక్కడే ఉంది, చదవడానికి మిషను అక్కర్లేదు.

ఆ గళ్ళని వరసగా చూస్తూ పొండి. మొదటిదాంట్లో తాతగారు కళ్ళు మూసుకున్నారు. రెండోదాంట్లో ఎవరో పిల్లవాడు అడ్డంగా పరిగెత్తాడు. మూడోది ఆల్బంలోకి ఎక్కింది. నాలుగోదాంట్లో అందరూ అప్పుడే సర్దుకోవడం మానేసి నవ్వుకుంటున్నారు, ఫోకస్ సరిగ్గా లేదు. ఫోన్లో అయితే మొదటిదీ రెండోదీ నాలుగోదీ అక్కడికక్కడే డిలీట్ అయ్యేవి. నెగెటివ్‌లో మంచిది కావాలంటే పక్కనున్న చెడ్డవాటిని కూడా దాచుకోక తప్పదు. ఏది పనికొస్తుందో ఆరోజు మనం అనుకున్నదే, ఇరవై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళు అలా అనుకోకపోవచ్చు. నాకైతే ఆ నాలుగో గడే ఇష్టం.

పట్టించుకునేవాళ్ళు లేకపోయినా నెగెటివ్ ఎలా ఉండిపోతుందో చెప్పడానికి ఆండ్రే యాత్రని మించింది లేదు. 1897లో ఆండ్రే, ఇంకో ఇద్దరు, మొత్తం ముగ్గురు స్వీడన్‌వాళ్ళు గాలిబుడగలో ఉత్తర ధ్రువానికి బయల్దేరారు. బుడగ మంచు మీద దిగిపోయింది. నెలల తరబడి నడిచి, చివరికి ఒక చిన్న దీవి మీద ముగ్గురూ చనిపోయారు. 33 ఏళ్ళ తర్వాత, 1930లో, వాళ్ళ శవాలతో పాటు ఫిల్ము కూడా దొరికింది. స్టాక్‌హోంలో జాన్ హెర్ట్స్‌బర్గ్ అనే ఆయన ఎంతో జాగ్రత్తగా కడిగితే సుమారు 240 ఫ్రేముల్లో 93 ఫోటోలు బయటపడ్డాయి. కూలిన బుడగ పక్కన నిలబడ్డ ఇద్దరు మనుషులు అందులో స్పష్టంగా కనిపిస్తారు. ఇప్పుడు కొడక్‌లో స్టీవ్ సాసన్ 1975లో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా సంగతి చూడండి. ఒక్కో ఫోటోని క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఆ టేపుని మళ్ళీ చదవాలంటే దానికోసమే చేసిన పరికరం, ఒక టీవీ కావాలి. టేపు బాగానే ఉన్నా ఆ పరికరం లేకపోతే ఫోటో లేనట్టే.

వివియన్ మాయర్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేస్తూ వీధుల్లో వేలకొద్దీ ఫోటోలు తీసింది. ఎవరికీ పెద్దగా చూపించలేదు. ముసలితనంలో సామాను దాచుకున్న గదికి అద్దె కట్టలేకపోతే 2007లో ఆమె పెట్టెలు వేలానికి పోయాయి. కొన్నవాళ్ళు నెగెటివ్‌లు వెలుతురుకి పట్టి చూశారు. ఆమె 2009లో పోయింది, తర్వాత లోకానికి తెలిసింది. ఇదే కథ ఇప్పుడు జరిగితే? ఆ గది అద్దె స్థానంలో క్లౌడ్ చందా ఉంటుంది. చందా ఆగితే కొన్నాళ్ళు ఈమెయిల్ హెచ్చరికలొస్తాయి, చదివేవాళ్ళుండరు, ఖాతా మూతపడుతుంది. వేలం వేయడానికి పెట్టె ఉండదు. మన ఇళ్ళలో ఎంతమంది ఫోటోలు, వాళ్ళకి మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ వెనక ఉన్నాయో ఒకసారి లెక్క వేసుకోండి.

ఫిల్ముని నెత్తిన పెట్టుకునే ముందు దీనికి ఎదురుకథ కూడా చెప్పాలి. కెనెడీ కుటుంబానికి దగ్గరగా ఉండి ఫోటోలు తీసిన జాక్ లోవ్ తన 40,000కి పైగా నెగెటివ్‌లని న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ సముదాయంలోని బ్యాంకు వాల్ట్‌లో భద్రపరిచాడు. అంతకన్నా గట్టి చోటు ఎక్కడుంటుంది? 2001 సెప్టెంబరు 11న అన్నీ పోయాయి. వేరేచోట పెట్టిన కాంటాక్ట్ షీట్లు, అంటే నెగెటివ్‌లని నేరుగా కాగితం మీద పరిచి తీసిన చిన్న చిన్న ప్రింట్లు, మిగిలాయి. తర్వాత వాటినే స్కాన్ చేసి ఫోటోలు బాగుచేసుకున్నారు. నెగెటివ్ ఒక్కటే ఉంటుంది, దాని బలహీనత అదే. డిజిటల్ కాపీ ఎన్నిచోట్లయినా ఉండగలదు, కానీ ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. అందుకే స్కాన్ వద్దని నేను అనడం లేదు. స్కాన్ ఉంది కదా అని నెగెటివ్ పారేయడమే తప్పు.

డిజిటల్ ప్రపంచానికీ ఈ సంగతి తెలుసు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైటు 2020లో తన దగ్గరున్న సాఫ్ట్‌వేర్ కోడ్‌ని తరతరాలకి దాచాలనుకున్నప్పుడు హార్డ్ డిస్కులు వాడలేదు. దాన్ని 186 రీళ్ళ ఫిల్ము మీదకి ఎక్కించి, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌లో ఒక పాత బొగ్గు గనిలో పెట్టింది. మనలో కోడ్ రాసి బతికేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి, మీరు రాసింది కూడా ఆ వెండి పూత మీద ఉండొచ్చు.

రోజువారీ ఫోటోలకి ఫోనే మేలు, అందులో వాదనే లేదు. ఫిల్ము ఖరీదు, కడిగే రసాయనాల గొడవ వేరే. అందరూ మళ్ళీ రీళ్ళు కొనాలని నేను చెప్పను. కానీ కొన్నవాళ్ళు ల్యాబు ఫారంలో నెగెటివ్‌లు తిరిగి పంపమని రాయండి. ఇంట్లో పాతవి ఉన్నవాళ్ళు అటకల మీదా, చెమ్మ ఉండే బేస్‌మెంట్లలోనూ పెట్టకండి. పొడిగా, చల్లగా ఉండే అలమరా చాలు. పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ కవర్లు గానీ ఆమ్లం లేని కాగితం కవర్లు గానీ వాడండి. పెట్టె తెరిస్తే పుల్లటి వెనిగర్ వాసన వచ్చిందంటే ఫిల్ము ఆధారంగా ఉన్న ఎసిటేట్ పాడవుతోందన్నమాట. ఆ వాసన మిగతావాటికీ చేటు చేస్తుంది, వాసన వచ్చేవాటిని వెంటనే విడిగా పెట్టాలి.

నెగెటివ్‌లని విమానంలో తెచ్చుకోవడానికి చాలామంది జంకుతారు. కడిగేసిన నెగెటివ్‌లకి ఎక్స్‌రే వల్ల ఏమీ కాదు. కడగని రీళ్ళకే ప్రమాదం. అవి లగేజీలో వేయకుండా చేతి సంచీలో పెట్టుకుని, కొత్త సీటీ స్కానర్లున్నచోట చేత్తో తనిఖీ చేయమని అడగండి. ఇక స్కానింగ్ మొదలుపెడితే ముందు రంగు నెగెటివ్‌లు చేయించండి, వాటిలోని అద్దకాలు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. సరిగ్గా కడిగిన, వెనిగర్ వాసన రాని నలుపు తెలుపువి ఆగుతాయి, వాటికి తొందర లేదు.