చెంబులో మిగిలిన నీళ్లు

పొద్దున్నే ఫోన్ తీస్తే చాలు, పద్మాసనంలో బుద్ధుడు, వెనకాల సూర్యోదయం, కింద ఆయన ఏనాడూ అనని ఓ సూక్తి. మా ఫ్యామిలీ గ్రూపులో రోజుకి మూడు. నిన్న మా బావగారు జోకు కూడా వేశారు: "ఆయనకేం, ఉద్యోగమా, ఈఎంఐనా, ఎంతైనా ప్రశాంతంగా ఉంటాడు." నాకు ఒళ్లు మండింది.

బావగారూ, ఆయన టెన్షన్లు మీకు తెలీవు. జ్ఞానోదయం తర్వాత 45 ఏళ్లు ఆయన మనుషుల మధ్యే బతికారు. భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం, దాని వ్యాఖ్యానాలు తిరగేయండి, ఎన్ని పంచాయితీలు కనిపిస్తాయో!

కోశాంబి నగరం సంగతే చూడండి. ఒక భిక్షువు మరుగుదొడ్డిలో వాడుకోగా మిగిలిన నీళ్లు చెంబులోనే వదిలేసి వచ్చాడు. నియమాలు బాగా తెలిసిన ఇంకొకాయన అది తప్పన్నాడు. తెలీలేదు, తప్పయితే ఒప్పుకుంటానన్నాడు మొదటాయన. తెలీక చేస్తే తప్పు లేదులే అని ఈయన అక్కడికి వదిలేశాడు. వదిలేసినవాడు ఊరుకున్నాడా? తన శిష్యుల దగ్గర, "తప్పు చేశానని కూడా తెలీదు ఆయనకి" అన్నాడు. శిష్యులు ఆ మాట అటు మోశారు. అంతే, భిక్షువుల సంఘం రెండు ముక్కలు! బుద్ధుడు నచ్చజెప్పబోతే, "మీరు హాయిగా ఉండండి స్వామీ, ఈ గొడవ మేం చూసుకుంటాం" అన్నారు. ఎవరితో? సాక్షాత్తూ ఆయనతో. ఆయన ఒక్కరే పాత్ర పట్టుకుని అడవికి వెళ్లిపోయారు. మందలో తోపులాటకి విసిగి వచ్చేసిన ఓ ఏనుగు అక్కడ తోడు దొరికిందట. ఇక్కడ కోశాంబి జనం, మీ వల్లే ఆయన పోయాడని భిక్ష పెట్టడం మానేశారు. కడుపు మాడాక అందరూ, అప్పటికి బుద్ధుడు చేరిన శ్రావస్తి నగరం దారి పట్టారు.

ఇక దేవదత్తుడు. వరసకి తమ్ముడు, మనకి విలన్. మీకు వయసైంది, సంఘాన్ని నాకు అప్పగించండని అందరి ముందూ అడిగాడు. బుద్ధుడు ఇవ్వనన్నారు, సరే. నా ముఖ్య శిష్యులు సారిపుత్తుడికీ మొగ్గల్లానుడికే ఇవ్వనిది ఉమ్మి మింగే నీకిస్తానా అని నిండు సభలో అన్నారని వినయమే చెప్తోంది. తిట్టుకోండి, నాకు మాత్రం ఆ ఘట్టంలో దేవదత్తుడి మీద జాలేస్తుంది. తర్వాత అతను చేసినవాటి మీద జాలి లేదు. మగధ యువరాజు అజాతశత్రువుని తండ్రి మీదికి ఎగదోయడం, బుద్ధుణ్ణి చంపాలని గృధ్రకూటం కొండ మీంచి బండ దొర్లించడం, ఆయన మీదికి నాలగిరి అనే ఏనుగుని వదలడం. (ఆ ఏనుగు కథ మన అమరావతి శిల్పులు ఒకే ఫలకంలో చెక్కారు: ఓ పక్క తొక్కేస్తూ, ఇంకో పక్క మోకరిల్లి. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది.)

కానీ అతను పెట్టిన ఐదు డిమాండ్లు చూడండి. అడవిలోనే ఉండాలి, ఇళ్లలో విందులకు వెళ్లకూడదు, పారేసిన గుడ్డలే కట్టాలి, చెట్టు కిందే పడుకోవాలి, చేపా మాంసం ముట్టకూడదు. బుద్ధుడు, కావాల్సినవాళ్లు పాటించుకోండి, బలవంతం లేదన్నారు. వెంటనే 500 మంది కొత్త భిక్షువులు దేవదత్తుడి వెంట గయ వైపు నడిచారు. సారిపుత్తుడూ మొగ్గల్లానుడూ వెళ్లి వెనక్కి తెచ్చారు గానీ, అక్కడితో అయిపోలేదు. 5వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన ఫాహియాన్, దేవదత్తుడి అనుచరులు ఇంకా ఉన్నారనీ, పాత బుద్ధుల్ని పూజిస్తారు గానీ శాక్యమునిని, అంటే మన బుద్ధుణ్ణి కాదనీ రాసుకున్నాడు.

బుద్ధుణ్ణి పెంచిన తల్లి గౌతమి సంఘంలో చేరతానని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ కాదన్నారు. శిష్యుడు ఆనందుడు వాదించాక ఒప్పుకున్నారు, అదీ ఎనిమిది షరతులతో. దీన్ని సమర్థించే ఓపిక నాకు లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన బుద్ధుడు పావా అనే ఊళ్లో కనిపిస్తాడు. మహావీరుడు పోయాక ఆయన శిష్యులు చీలి తగవులాడుకుంటున్నారని బౌద్ధుల కథనం. ఆ రాత్రి కొత్త సభామందిరం నిండా భిక్షువులు. బుద్ధుడు సారిపుత్తుడితో, "నడుం నొప్పిగా ఉంది, కాస్త వాలుతాను, వీళ్లకి నువ్వు చెప్పు" అన్నారు. పైవస్త్రం మడత పెట్టి పరుచుకుని, కుడి పక్కకి ఒరిగి పడుకున్నారు. మనం కూడా ఇలా కొట్టుకోకూడదంటూ సారిపుత్తుడు మొదలుపెట్టాడు.