ముగ్గులో ఏడు చుక్కలు

మా కారు 2004 మోడల్. ఇంజిన్ ఆయిల్ కారడం మొదలై, అమ్మ పొద్దున్నే వేసే ముగ్గుకి చుక్కలు ముందే పెట్టి ఉంచేది. మొదటిరోజు రెండు, వారం తిరిగేసరికి ఏడు. "ఇంకో నాలుగు రోజులాగితే మెలికల ముగ్గు వేసేయొచ్చురా" అంది అమ్మ.

బండి కింద దూరి చూశా. డ్రెయిన్ ప్లగ్ (అడుగున ఆయిల్ దింపే బోల్టు) కొసన చుక్క వేలాడుతోంది. దొంగ దొరికాడనుకుని ఆయిల్ మొత్తం దింపేసి, ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి, పనిలో పనిగా ఫిల్టరూ మార్చి, మూడు లీటర్ల కొత్త ఆయిల్ పోశాను. మర్నాడు మళ్లీ ఏడు చుక్కలే. కాకపోతే ఈసారి తేనె రంగులో ఉన్నాయి, ఖరీదైన చుక్కలు కదా.

అప్పటికి వెలిగింది. ఆయిల్ కారేది ఒకచోట, పడేది ఇంకోచోట. పైనెక్కడో బయల్దేరి, ఇంజిన్ ఒళ్లంతా పాకి, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుని, చివరికి అన్నిటికన్నా కిందున్న బోల్టు మీద నేరం మోపుతుంది. తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైనున్నది ఏదో పట్టుకోవాలి. సరే, డీజిల్, బ్రష్షు పెట్టి ఇంజిన్ తోమి, ఆరాక పౌడర్ చల్లా (అమ్మది, గంధం వాసనది). కాసేపు స్టార్ట్ చేసి ఉంచితే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచున తెల్లటి పౌడర్లో సన్నగా తడిగీత దిగింది.

అక్కడితో ఆగొచ్చుగా! కవర్ బోల్టులు వదులయ్యాయేమోనని స్పానర్ మీద నా 80 కిలోలూ పెట్టి బిగించా. ఇరవయ్యేళ్ల వేడికి అప్పడంలా గట్టిపడ్డ రబ్బరు ప్యాకింగ్ విరిగి బయటికొచ్చింది. చుక్కలు పోయి ధార మొదలైంది, అది వేడి ఎగ్జాస్ట్ మీద పడి, గంధంతో కలిసి పొగలు. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూసి "హోమమా బాబూ?" అన్నారు.

మెకానిక్ వచ్చి ఒకసారి ఇంజిన్ వాసన చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. "మూత బిగించమంటే కక్ష తీర్చుకున్నారేంటి సార్" అని, పాత ప్యాకింగ్ గీకి, అంచులు తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, బోల్టులన్నీ మధ్యలోంచి అటొకటి ఇటొకటి, కొంచెం కొంచెంగా, చిన్న స్పానర్‌తో మునివేళ్లతో బిగించాడు. అరగంట పని.

మర్నాడు ఐదింటికే లేచి వాకిట్లోకి పరిగెత్తా. నేల పొడిగా ఉంది. అమ్మ ముగ్గుగిన్నె పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇవాళ్టి నుంచి చుక్కలు కూడా నేనే పెట్టుకోవాలన్నమాట" అంది.