మూడడుగులు తవ్వితే నీళ్లు పడే చోట బంకర్ ఎక్కడ కడతాం?

మా కోనసీమలో ఇల్లు కట్టిన ప్రతివాళ్లకీ తెలుసు, పునాది గొయ్యి మూడు నాలుగు అడుగులు దిగేసరికి నీళ్లు ఊరడం మొదలవుతుంది. వానాకాలమైతే ఇంకా పైనే. మోటారు పెట్టి ఒకపక్క తోడుతూ ఇంకోపక్క కాంక్రీటు పోసుకుంటాం. పాకిస్తాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు, 2025 మే 7న దేశంలో 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో మాక్ డ్రిల్ అన్నారు, మనకి దగ్గరలో విశాఖలో సైరన్లు మోగించారు. ఆ వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది: బాంబులు పడితే వెంటనే నేల కింద గదిలోకి వెళ్లాలి. నాకు తెలిసి మా మండలం మొత్తంలో నేల కింద గది ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు.

అందరూ ఆ మెసేజ్ చదివి వదిలేశారు. నేను వదల్లేకపోయాను. మనకి తుఫాను అంటే పైకెక్కడం. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు చాలావరకు స్తంభాల మీద నిలబెట్టినవే, కింద నీళ్లు పారాలి, పైన మనుషులు ఉండాలి. బాంబు దానికి పూర్తిగా తిరగేసి చెబుతుంది, కిందకి దిగమంటుంది. మరి కిందకి దిగితే నీళ్లున్న ఊళ్లో ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న మనకే కొత్తగా రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికే బ్రిటన్‌లో దాదాపు 15 లక్షల ఇళ్లకి ఆండర్సన్ షెల్టర్లు పంచిపెట్టారు. పెరట్లో గొయ్యి తీసి, వంపు తిరిగిన రేకులు సగం నేలలోకి దించి, పైన మట్టి కప్పాలి. అవి బాంబు దెబ్బని బాగానే ఆపాయి కానీ వానలకి నీళ్లు నిండిపోయేవి, చలిలో పిల్లలని ఆ బురదలో కూర్చోబెట్టలేక జనం మళ్లీ ఇళ్లలోకే వచ్చి పడుకున్నారు. అప్పుడు 1941లో ఇంకో రకం తెచ్చారు, మోరిసన్ షెల్టర్ అని. చూడ్డానికి ఇనుప బల్ల, చుట్టూ ఇనుప జాలీ. పగలు దాని మీద భోజనం చేస్తారు, రాత్రి దాని కింద పరుపు వేసుకుని పడుకుంటారు. ఇల్లు కూలి మీద పడ్డా ఆ బల్ల చాలావరకు నలగకుండా ఆగేది. ఆ ఏడాది చివరికి అయిదు లక్షలకి పైగా ఇచ్చారు. నేల తవ్వక్కర్లేదు. డెల్టాలో ఎవరైనా ఎప్పుడైనా ఆలోచించాల్సి వస్తే మొదట ఆలోచించాల్సింది ఇలాంటిదాని గురించి, ఎక్కడో కొండ ప్రాంతం కోసం రాసిన మెసేజ్ గురించి కాదు.

బాంబుల కింద బతికిన జనం గురించి రాసినప్పుడల్లా పత్రికల్లో, టీవీల్లో "మొక్కవోని ధైర్యం" అంటారు. ధైర్యం లేదని నేను అనను. కానీ ఆ ధైర్యం కింద ఎవరో రేకులు వంచారు, ఎవరో పాలు తెచ్చి గుమ్మంలో పెట్టారు, ఎవరో పగిలిన నీళ్ల పైపుని తెల్లారేలోగా అతికారు. అవి లేనిచోట అదే ధైర్యం ఉన్న మనుషులు కూడా పారిపోతారు, పారిపోవాలి కూడా. దీనికి మనవాళ్ల కథే ఉంది, మనం పెద్దగా చెప్పుకోం.

బర్మావాళ్లు మనవాళ్లని "కోరంగీలు" అనేవారు, అదీ కొంచెం చులకనగానే. ఆ పేరు కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి పోయింది. 1839 తుఫాను ఆ రేవుని తుడిచిపెట్టినా పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి ఆకాశంలో విమానాల పోరు చూస్తూ నిలబడ్డారు. విమానం వస్తే ఏం చెయ్యాలో వాళ్లకి ఒంటికి పట్టేలా ఎవరూ నేర్పలేదు. ఆ ఒక్కరోజే వెయ్యి మందికి పైగా చనిపోయారు. రెండు రోజులకి మళ్లీ వచ్చి వేశారు. కూలీలు ఊరు వదిలేశారు, రేవు ఆగిపోయింది, వీధులు ఊడ్చేవాళ్లు లేరు. అప్పుడు తెలిసింది ప్రభుత్వానికి ఆ నగరం ఎవరి భుజాల మీద నడుస్తోందో. బతిమాలి కొందరిని వెనక్కి తెచ్చారు కూడా. చివరికి నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా నుంచి బయటపడ్డారు, అందులో చాలామంది కొండల్లో, అడవుల్లో నడిచి వచ్చారు, వేలమంది కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే పోయారు. వాళ్లని పిరికివాళ్లంటే నేను ఒప్పుకోను. వాళ్ల బస్తీలకి ఒక్క గట్టి గోడ లేదు.

తర్వాత మూడున్నర నెలలకి వంతు మనది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందురోజే కొలంబో మీద వేశారు. నష్టం రంగూన్‌తో పోల్చేంత కాదు, కానీ భయం చాలా దూరం పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. మద్రాసు ప్రభుత్వం కూడా ఆ నెలలోనే ఆఫీసులని లోపలి ఊళ్లకి పంపేసింది. మా అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్ల, కాకినాడ చుట్టాలు రెండెడ్ల బండి మీద సామాను కట్టుకుని వచ్చి నెల్లాళ్లు వాళ్లింట్లో ఉన్నారని చెప్పేది. రోజుకో పుకారు వచ్చేదట. ఆవిడ చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తున్నది బాంబు సంగతి కాదు, "ఏది నిజమో చెప్పేవాడు లేడమ్మా" అన్న మాట. ఆఫీసులే సర్దుకుని పోతుంటే ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరి మాట నమ్ముతారు?

నమ్మకం విషయంలో గోదావరి జనానికి ఒక అలవాటుంది. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు లక్షలకి రెండోది, పదిహేడు లక్షలకి మూడోది. చదువుకోని ముసలాయన కూడా ఆ అంకె విని గేదెలని ఎప్పుడు గట్టెక్కించాలో లెక్కేసుకుంటాడు. ఎందుకంటే ఆ అంకె ఏళ్ల తరబడి నిజమవుతూ వచ్చింది. భద్రాచలంలో నీళ్లు పెరిగాయంటే మనకి ఒక రోజు చేతిలో ఉంటుంది, తుఫానుకైతే రెండు మూడు రోజులు. ఉక్రెయిన్‌లో ఖార్కివ్ నగరం రష్యా సరిహద్దుకి నలభై కిలోమీటర్లలోపే ఉంది. అక్కడ క్షిపణి నిమిషంలోపు వచ్చి పడుతుంది, ఒక్కోసారి పేలాకే సైరన్ మోగుతుంది. అలాంటిచోట హెచ్చరిక విని పరిగెత్తడం అనేది లేదు, ముందే లోపల ఉండాలి. అందుకే వాళ్లు మెట్రో స్టేషన్లలో తరగతులు పెట్టారు, 2024లో నేల కింద బడి కట్టి తెరిచారు.

ఖార్కివ్‌లో మన పిల్లలూ ఉన్నారు. మా వీధి అమ్మాయి అక్కడ మెడిసిన్ చదివేది, 2022లో హాస్టల్ బేస్‌మెంట్‌లో రోజులు గడిపి వెనక్కి వచ్చింది. వాళ్లమ్మ ఆ రోజుల్లో ఫోను పక్కనే పెట్టుకుని అన్నం మానేసింది. ఆ అమ్మాయి చెప్పింది, బాంబు కంటే ఎక్కువ టెన్షన్ తిండికోసం బయటికి వెళ్లాలా వద్దా అన్నదానికట. మార్చి 1న కర్ణాటక కుర్రాడొకడు ఆ నగరంలోనే సరుకుల కోసం బయటికి వెళ్లి దాడిలో చనిపోయాడు. నేల కింద గది ఉంటే సరిపోదు, ఆ గదిలో నాలుగు రోజులకి నీళ్లు, రొట్టె ఉండాలి.

షెల్టర్ ఉండి, దారి సరిగా లేకపోయినా మనుషులు పోతారు. 1943 మార్చి 3న లండన్ బెత్నల్ గ్రీన్ మెట్రో షెల్టర్‌కి దిగే మెట్ల మీద 173 మంది నలిగి చనిపోయారు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబూ పడలేదు. మెట్ల మధ్య పట్టుకోడానికి కమ్మీ లేదు, సరైన వెలుతురు లేదు, ఆ ద్వారం బాగు చెయ్యడానికి స్థానిక అధికారులు ముందే డబ్బు అడిగితే పైవాళ్లు ఇవ్వలేదు. 2015 పుష్కరాల్లో రాజమండ్రి ఘాట్ దగ్గర ఏం జరిగిందో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి నాకు చాలా కోపం తెప్పిస్తుంది. 1940 సెప్టెంబరు నుంచి లండన్ మీద 57 రాత్రులు వరసగా బాంబులు పడ్డాయి, జనం విరగలేదని బ్రిటన్ గర్వంగా చెప్పుకుంది. అదే బ్రిటన్, జర్మనీ నగరాల మీద వేస్తే అక్కడి జనం విరిగిపోతారని లెక్కేసింది. 1943 జులైలో హాంబర్గ్‌లో ముప్పై వేలమందికి పైగా చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది మళ్లీ పనిలోకి వచ్చారు, ఎందుకంటే ఇంటికి రేషన్ కావాలి. జనం తట్టుకుంటారు అన్న మాటని ఇంకా నాలుగు బాంబులకి లైసెన్సులా వాడుకోవడం అప్పుడే మొదలు కాలేదు, అప్పటితో ఆగలేదు. గాజాలో శిథిలాల మధ్య చదువుకుంటున్న పిల్లాడి ఫొటో చూసి "ఎంత గట్టి మనుషులో" అని షేర్ చేసేటప్పుడు, ఆ పిల్లాడికి ఆ గట్టితనం అక్కర్లేదని, బడి కావాలని గుర్తుంచుకోవాలి.

మనకి ఇవన్నీ ఎందుకంటారా? కాకినాడలో రేవు, ఎరువుల కర్మాగారాలు, గాడిమొగలో గ్యాస్ టెర్మినల్, తాటిపాకలో రిఫైనరీ. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. అవి శాంతికాలంలో జరిగినవి. 2023 జూన్‌లో ఉక్రెయిన్‌లో కఖోవ్కా ఆనకట్ట తెగితే కింద ఊళ్లు మునిగాయి, అవతల కాలువలు ఎండి పొలాలకి నీళ్లు లేకుండా పోయాయి. ధవళేశ్వరం కింద పది లక్షల ఎకరాలు. మా ఊరి మంచినీళ్ల చెరువు నింపేదీ ఆ కాలువే.

అందుకని గత నెల నేను మా తుఫాను షెల్టర్ చూడ్డానికి వెళ్లాను, కింది భాగంలో గట్టి గోడలు కట్టే వీలుందా, వందమందికి మంచినీళ్లు నిలవ పెట్టొచ్చా అని. గేటుకి తాళం ఉంది. పక్కింటివాళ్లని అడిగితే తాళంచెవి ఒకాయన దగ్గర ఉంటుందన్నారు, ఆయన ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళ్తే రావులపాలెం పనిమీద వెళ్లారు, సాయంత్రం వస్తారని చెప్పారు. సాయంత్రం వరకూ ఆ గేటు దగ్గరే కూర్చున్నాను.